పిల్లికి పడని కర్పూరం

పోయినేడు వానాకాలంలో మా అత్తయ్యకి డెంగ్యూ వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో దోమ కనిపిస్తే పాము కనిపించినట్టే. ఉండేది మూసారాంబాగ్‌లో, మూసీ పక్కన. ఇక దోమల సంగతి చెప్పాలా!

అందుకే మా ఆడపడుచు వాట్సాప్‌లో పంపిన చిట్కా అత్తయ్యకి తెగ నచ్చింది. వేపనూనెలో కర్పూరం పొడి కలిపి, ఖాళీ అయిన దోమల మందు బాటిల్లో పోసి ప్లగ్గుకి పెట్టడమే. "కెమికల్స్ ఏమీ లేవమ్మాయ్, అంతా పూజగదిలో ఉండేవే" అన్నారు.

నేను వద్దన్నది మా బుజ్జి కోసం. మూడేళ్ల పిల్లి. రాత్రంతా అత్తయ్య కాళ్ల దగ్గరే దాని పడక. కర్పూరం, నీలగిరి తైలం, లవంగ నూనె, టీ ట్రీ ఆయిల్, నిమ్మ నారింజ తొక్కల నూనెలు... మనకి సువాసనే కానీ పిల్లికి విషం. ఇలాంటి ఘాటు పదార్థాలను విడగొట్టి బయటికి పంపే ఎంజైము దాని కాలేయంలో చాలా తక్కువ. పైగా అది రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. బొచ్చు మీద వాలిందల్లా కడుపులోకే పోతుంది. వెల్లుల్లి రసం చల్లితే, అది నాకిన కుక్కకైనా పిల్లికైనా రక్తకణాలు దెబ్బతింటాయి. కుక్కల పిడుదులకి వాడే పెర్మెత్రిన్ మందయితే పిల్లి ప్రాణమే తీయొచ్చు.

"మరి నా సంగతేంటి?" అన్నారు అత్తయ్య. న్యాయమైన ప్రశ్నే కదండీ!

మనం మూసీని తిట్టుకుంటాం కానీ, ఆ మురుగులో పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ పుట్టేది మన ఇంటి మంచినీళ్లలో. కుట్టేది కూడా ఎక్కువగా పగలే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అంటే వారానికోసారి నీళ్లు పారబోస్తే చాలు, దోమ పుట్టదు. మా ఇంట్లో శుక్రవారం ఆ పని. కూలర్ ట్రే, కుండీల కింద ప్లేట్లు, మనీప్లాంట్ సీసా, ఫ్రిజ్ వెనక ట్రే, డాబా మీది కొబ్బరి చిప్పలు అన్నీ చూస్తాం. గుడ్లు అంచులకి అంటుకుని ఉంటాయి కనుక పీచుతో రుద్దాలి. కిటికీలకి మెష్ కొట్టించాం. అత్తయ్య పగటి కునుక్కి కూడా దోమతెర కడుతున్నాం.

మీ ఇంట్లో పిల్లి చొంగ కారుస్తున్నా, తూలుతున్నా, వణుకుతున్నా ఆలస్యం చేయకండి. ఒంటి మీద నూనె పడితే గిన్నెల సబ్బునీళ్లతో కడగండి. మీరుగా వాంతి చేయించొద్దు. ఆ బాటిల్ కూడా పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కర్పూరం ఇప్పుడు హారతికే. ఆ కాసేపు బుజ్జిని బాల్కనీలోకి పంపేది అత్తయ్యే.