తలనొప్పి ఉందా మామా?

మా వాట్సాప్ గ్రూపు డీపీ 2016 నుంచి మారలేదు. ఖర్దుంగ్ లా మీద నలుగురం నిలబడి ఉంటాం, పక్కన బోర్డు. ఎత్తు 18,380 అడుగులు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డు అని దానిమీద రాసుంటుంది. అసలు ఎత్తు 17,582 అడుగులేనని తర్వాతెప్పుడో చదివి, ఆ లింకు గ్రూపులో పడేశాను. "మనం ఎక్కినప్పుడు 18,380 రా. తర్వాత కుంగుంటుంది" అని వాడు రిప్లై ఇచ్చాడు. అందరం నవ్వుకున్నాం.

మా ప్రయాణాలు 2009లో కిరండూల్ పాసింజర్‌తో మొదలయ్యాయి. అరకు వెళ్తూ సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టాం. ఇంజనీరింగ్ అయిపోయిన ఏడాదే 'జిందగీ నా మిలేగీ దొబారా' వచ్చింది. ముగ్గురు మిత్రులు స్పెయిన్‌లో సముద్రంలోకి దిగుతారు, విమానంలోంచి దూకుతారు, ఎద్దుల ముందు పరిగెడతారు. ఒక్కో సాహసానికి ఒక్కో భయం వదులుతుంది. 'ఈ నగరానికి ఏమైంది'లో ఆ పని గోవా చేస్తుంది. రెండూ నాకు ఇష్టమైన సినిమాలే. కాకపోతే ప్రయాణం మనుషుల నోరు విప్పిస్తుందని అవి నన్ను నమ్మించాయి. మా విషయంలో చాలాసార్లు ప్రయాణమే నోరు విప్పకుండా కాపాడింది. రూట్ మ్యాప్, పెట్రోలు, రూములు, ఎవడు ఎంత ఖర్చు పెట్టాడు... మాట్లాడుకోడానికి ఇన్ని ఉంటే మిగతావాటి అవసరం రాదు.

లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తులో ఉంటుంది. దిగగానే బండెక్కకూడదు, ముందు ఒంటికి ఆ గాలి అలవాటు కావాలి. ఖర్దుంగ్ లా మీదైతే గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే. అందుకని గంటకోసారి ఒకళ్లనొకళ్లం అడుక్కునేవాళ్లం: "తలనొప్పి ఉందా మామా? వికారంగా ఉందా? రాత్రి నిద్ర పట్టిందా?" హైదరాబాద్‌లో ఎప్పుడైనా ఒకడు ఇంకొకణ్ని నిద్ర పట్టిందా అని అడిగిన పాపాన పోలేదు. బాగోలేకపోతే దాచొద్దు, దాచి ఇంకా పైకెక్కడమే అన్నిటికన్నా ప్రమాదం అని బుల్లెట్లు అద్దెకిచ్చినాయన కూడా చెప్పాడు.

మరుసటి ఏడాది వాళ్ల నాన్నగారు క్యాన్సర్‌తో పోయారు. ముగ్గురం వెళ్లాం. కుర్చీలు వేశాం, వాటర్ క్యాన్లు మోశాం, పన్నెండో రోజు వడ్డించాం. చేతికి పనుంటే మేం చాలా మంచి స్నేహితులం. వాడితో మాత్రం ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు.

నలుగురం కలవడం ఇప్పుడు కుదరట్లేదు. ఒకడు డాలస్‌లో ఉన్నాడు, ఇంకొకడికి చంటిపిల్ల. పోయిన డిసెంబర్లో మిగిలిన ఇద్దరం కారులో అనంతగిరి వెళ్లాం. లద్దాఖ్ నుంచి వికారాబాద్‌కి వచ్చామన్నమాట! మూసీ పుట్టేది అక్కడే. కాసేపు నడిచి, టీ తాగుతూ కూర్చున్నాం. చెట్లవైపు చూస్తూ వాడన్నాడు:

"ఖర్దుంగ్ లా ఎక్కిన రోజు పొద్దున్నే నాన్న బయాప్సీ రిపోర్ట్ వచ్చింది రా."

బయటి ప్రీపెయిడ్ సిమ్ములు అప్పట్లో అక్కడ పనిచేసేవి కావు. నలుగురిలో పోస్ట్‌పెయిడ్ వాడొక్కడిదే. ఆ రోజు ఆ ఫోను మీంచే నేను మా అమ్మతో పది నిమిషాలు మాట్లాడాను.

"చెప్పొచ్చు కదరా."

"ట్రిప్ పాడవుతుందని."

"రోజుకి పదిసార్లు అడిగాం కదరా నిన్ను!"

"తలనొప్పి ఉందా అని అడిగారు. నిజంగానే లేదు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. తిరుగు ప్రయాణంలో వాడు డ్రైవ్ చేస్తుంటే, చాలాసేపు తటపటాయించి, వాళ్ల నాన్న గురించి అడిగాను. ఏడేళ్లు ఆలస్యంగా. చేవెళ్ల మర్రిచెట్లు దాటినా వాడింకా చెప్తూనే ఉన్నాడు. ఆయన జన్మలో ఎక్కిన కొండ తిరుమల ఒక్కటేనట. హాస్పిటల్ మంచం పక్కన మా ఫోటో ప్రింట్ తీయించి పెట్టుకున్నారట. సెలైన్ మార్చడానికి వచ్చిన ప్రతి నర్సుకీ అది చూపించి, "మావాడు పద్దెనిమిది వేల మూడువందల ఎనభై అడుగులు ఎక్కాడమ్మా" అని చెప్పేవారట.

నేను ఆ లింకు పెట్టింది ఆయన పోయిన మూడు నెలలకి.