కాకినాడ ఇసుక మీద మెదక్ బండ్లు

కాకినాడలో లోతునీటి రేవు వచ్చి చాలా ఏళ్లయింది. అయినా పాత యాంకరేజి రేవు తీరు మారలేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరేసుకుని నిలబడతాయి. బియ్యం బస్తాలు నింపుకున్న బార్జీలే వాటి దగ్గరకు వెళ్తాయి. ఓడ ఒడ్డుకు రాలేదు కాబట్టి ఒడ్డే ఓడ దగ్గరకు వెళ్లాలన్నమాట! ఇందుకు కారణం గోదారమ్మే. తరతరాలుగా ఆమె తెచ్చిపోసిన ఒండ్రుతో ఇక్కడి సముద్రానికి లోతు తక్కువ.

రేవుకు ఇబ్బందైన ఈ మెరకే సైన్యానికి వరమైంది. 2023 జనవరి 17 నుంచి 22 వరకు త్రివిధ దళాల ‘ఆంఫెక్స్’ విన్యాసాలు కాకినాడలో జరిగాయి. 900 మందికి పైగా సైనికులు, ఫిరంగులు, కవచ వాహనాలు పాల్గొన్నాయి. ఆ విన్యాసాలకు కాకినాడ వేదిక కావడం అదే మొదటిసారి. అంతకుముందు 2019 నవంబరులో భారత్-అమెరికా త్రివిధ దళాల ‘టైగర్ ట్రయంఫ్’ విశాఖ, కాకినాడల్లో జరిగింది. 2024 మార్చిలో, 2025 ఏప్రిల్‌లో మళ్లీ వచ్చింది.

నది కట్టిన గోడ

ఇక్కడి అనుకూలత అర్థం కావాలంటే హోప్ ఐలాండ్‌ను చూడాలి. గౌతమి పాయ మోసుకొచ్చిన ఇసుకతో గత రెండు శతాబ్దాల్లో ఏర్పడిన దిబ్బ ఇది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. బంగాళాఖాతం అలలను అడ్డుకునే ఈ సహజమైన గోడ వెనక కాకినాడ అఖాతం చెరువులా నెమ్మదిగా ఉంటుంది. దక్షిణాన కోరింగ మడ అడవులు. ఏటవాలు తక్కువగా ఉన్న ఇసుక తీరం.

విశాఖ నుంచి వచ్చే నౌకల్లో రెండు రకాలు ముఖ్యమైనవి. ఐఎన్ఎస్ ఐరావత్ లాంటివి ఒడ్డు దాకా వచ్చి, ముందు తలుపులు తెరిచి వాహనాలను దింపుతాయి. ఐఎన్ఎస్ జలాశ్వ అలా రాదు. వెనక గేటు తెరిచి, కడుపులోకి నీళ్లు నింపుకుని, లోపలున్న చిన్న పడవలను తేల్చి వదులుతుంది. జెట్టీ లేకుండా సరుకు దించడం ఎలా అన్నదే ప్రశ్న. కాకినాడ బార్జీలవాళ్లకు అది ఏనాడో తెలిసిన విద్యే!

ఒక్క బండి... ఎన్నో వేషాలు

మన యంత్ర పదాతి దళానికి ప్రధాన వాహనం బీఎంపీ-2. దీని పుట్టుక సోవియట్ దేశంలో. అక్కడ పాత బీఎంపీ-1 స్థానంలోకి పలు నమూనాలు పోటీపడ్డాయి. చివరికి కుర్గాన్ కర్మాగారం తయారుచేసిన ‘ఆబ్జెక్ట్ 675’ నెగ్గింది. పాత బండి టరెట్‌లో ఒక్కడే కూర్చునేవాడు. కొత్తదాంట్లో ఇద్దరికి చోటిచ్చి, 73 మిల్లీమీటర్ల తుపాకీ తీసేసి 30 మిల్లీమీటర్ల ఫిరంగి అమర్చారు.

మన దేశంలో దీన్ని తయారు చేసేది తెలుగునేల మీదే. ఇందిరాగాంధీ మెదక్ ఎంపీగా ఉన్న రోజుల్లో, 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి అంకురార్పణ జరిగింది. ఇప్పుడది సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2021 అక్టోబరు నుంచి ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చింది. ఇక్కడ తయారైన బీఎంపీ-2కు ‘సారథ్’ అని పేరు. బరువు 14 టన్నులకు పైనే. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు పడతారు. అంత బరువూ నీళ్లలో తేలుతుంది! దిగేముందు ముందువైపు పలక పైకి లేస్తుంది. నీళ్లు తోడే పంపు సిద్ధంగా ఉంటుంది. వేరే పంకా ఏదీ లేదు. నేల మీద నడిపించే గొలుసు పట్టాలే నీళ్లను వెనక్కి తోస్తాయి. వేగం గంటకు ఏడు కిలోమీటర్లు.

ఈ ఒక్క ఒడిలోంచి ఎన్నో రకాలు పుట్టాయి. గాయపడినవాళ్లను మోసే అంబులెన్సు ఒకటి. 81 మిల్లీమీటర్ల మోర్టార్ మోసే బండి ఇంకొకటి. రసాయన, అణు ప్రమాదాలను పసిగట్టేది మరొకటి. నాగ్ క్షిపణుల కోసం పొడుగు చేసిన ‘నమికా’ ఉంది. దీని ఆధారంగా రూపొందిన నాగ్ వ్యవస్థ కోసం 2025 మార్చిలో రక్షణ శాఖ దాదాపు 1,800 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది.

డెల్టావాళ్లకు ఆసక్తి కలిగించేవి మాత్రం మరో రెండున్నాయి. ఒకటి మట్టి తవ్వే, నీళ్లలో తేలే డోజరు. రెండోది ఇంజనీర్ల సర్వే బండి. నీటి లోతు, ప్రవాహ వేగం, గట్టు వాలు, నేల ఎంత బరువు మోయగలదు... అన్నీ కొలుస్తుంది. ఏటి గట్టున పుట్టిన రైతు కాలు పెట్టి చూసి చెప్పే సంగతులే ఇవి!

తుపాను గండం వస్తే

టైగర్ ట్రయంఫ్ లక్ష్యం యుద్ధం కాదు. విపత్తులో ఆదుకోవడం. ఆ మాట కోనసీమలో చెబితే 1996 నవంబరు 6 రాత్రి గుర్తొస్తుంది. ఆ తుపాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకెళ్లిన ఎందరో తిరిగి రాలేదు. బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి పల్లెలు తమ మగవాళ్లను పోగొట్టుకున్నాయి. కొబ్బరి చెట్లు కూలి దారులు మూసుకుపోయాయి. 2022 జులై వరదల్లో లంక గ్రామాలు మళ్లీ నీళ్లలో చిక్కుకున్నాయి.

దారి తెగిన పల్లెకు ఎవరు, ఎటునుంచి, ఎంతసేపట్లో చేరతారు? విన్యాసాల అసలు పరీక్ష అదే. అయితే బీఎంపీ నదుల కోసం పుట్టిన బండి. నెమ్మదైన నీళ్లలోనే దాని ఈత. తుపాను సముద్రంలో దానికి చోటులేదు. గాలి తగ్గాక, నౌక ఒడ్డుకు దగ్గరగా రాగలిగితేనే పని. అందుకే ముందుగా కావలసింది తీరం గురించిన ఎరుక.

ఆ తీరమా, నిలకడగా ఉండదు! హోప్ ఐలాండ్ దగ్గర ఇసుక చేరుతుంటే, కాస్త ఉత్తరాన ఉప్పాడలో సముద్రం ఇళ్లనూ రోడ్డునూ కోసుకుపోతోంది. జాంధానీ చీరలు నేసే ఊరు ఏటేటా వెనక్కి జరుగుతోంది. ఎద్దుమైలారం బండికి కొలతలు ఒకసారి తీసి దాచుకుంటే చాలదు. గోదావరి, సముద్రం కలిసి గీసే ఈ గీతను ప్రతి ఏడాదీ కొత్తగా చదవాల్సిందే. ఆ చదువు ఈ ఒడ్డున వలలు ఆరబెట్టుకునేవాళ్లకు కంఠస్థం. విన్యాసాలకు వచ్చేవాళ్లు ముందుగా వాళ్లను పలకరిస్తే, ఆపద రోజున ఉపయోగపడేది ఆ పరిచయమే.