ఉక్కు తూకం

కెమిస్ట్రీలో మోల్ లెక్కలు రాగానే మా అమ్మాయి పుస్తకం మూసేస్తుంది. నాది బి.ఏ. తెలుగు. అయినా పక్కన కూర్చున్నాను. డజను అంటే 12 అన్నట్టే మోల్ కూడా ఒక లెక్క, కాకపోతే దాదాపు 6 పక్కన 23 సున్నాలు! శనగలే లెక్కపెట్టం, తూచుకుంటాం. అణువులూ అంతే.

బైలదిల్లా నుంచి అరకు కొండల మీదుగా మన ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చే ఇనుప ఖనిజాన్నే తీసుకుందామన్నాను. ఐరన్ ఆక్సైడ్‌లో ఇనుము రెండు, ఆక్సిజన్ మూడు. రెండు 56లు 112, మూడు 16లు 48, మొత్తం 160. అంటే 160 టన్నుల స్వచ్ఛమైన ఆక్సైడ్‌లో ఇనుము 112 టన్నులే. ఆ ఆక్సిజన్‌ని లాగడానికి కార్బన్ మోనాక్సైడ్ 84 టన్నులు కావాలి. 160కి 84 కలిపితే 244. అందులో 112 పోతే 132. అదంతా బొగ్గుపులుసు వాయువు.

"ఇనుము కన్నా గాల్లో కలిసేదే ఎక్కువా అమ్మా?" అంది.

ఈ ఊళ్ళో ఎన్నో ఇళ్ళలాగే మా ఇంటి పొయ్యీ ఆ కొలిమి వల్లే వెలుగుతోంది. అందుకే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మార్కులు ఎన్నొచ్చినా సరే, ఆ ప్రశ్న దాని మనసులో నిలిస్తే చాలు.