అవ్వ వెతికిన గుర్తు

ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా నాకు మొదటి డ్యూటీ 1996 లోక్‌సభ ఎన్నికల్లో పడింది. మునుగోడు వైపు ఒక ఊరు. రెండు గదుల ప్రాథమిక బడి. ఆ ఏడు నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో ఉన్నారు. మాకిచ్చిన బ్యాలెట్‌ను పేపర్ అనలేం, అది ఒక పుస్తకం. ప్రతి ఓటుకూ ఒక పుస్తకం. ముందురోజు రాత్రి లాంతరు పెట్టుకుని ఒక్కోదాని వెనక సంతకం చేస్తూ కూర్చున్నాను. వేళ్లు పట్టేశాయి. ఒళ్లు మండింది. ఎందుకొచ్చిన గోల ఇది, ఐదు వందలు కడితే చాలు, ప్రతివాడూ ఎంపీ కావాలనుకోవడమేనా అని మా పోలింగ్ సిబ్బంది దగ్గర గట్టిగానే అన్నాను.

ఎందుకొచ్చిన గోలో నాకు తెలియక కాదు. నేను పుట్టింది ఈ జిల్లాలోనే. మా పక్క ఊళ్లలో బోరు నీళ్లు తాగిన పిల్లలకు పళ్లు గారపట్టడం, కాళ్లు వంకరపోవడం, నలభై ఏళ్లకే నడుము వంగిపోవడం చూస్తూ పెరిగాను. కృష్ణ మా జిల్లాను ఒరుసుకునే పారుతుంది. నాగార్జునసాగర్ మా జిల్లా అంచునే కట్టారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలను తడిపింది. మునుగోడు, మర్రిగూడ లాంటి మెట్ట ప్రాంతానికి మాత్రం ఫ్లోరైడ్ బోర్లే మిగిలాయి. నీళ్లలో ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని మా జిల్లా పేరే పెట్టారు. పేరైతే దేశదేశాలు తిరిగింది, మా కుండల్లో నీళ్లు మాత్రం మారలేదు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జల సాధన సమితి ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి, ధర్నాలు చేసి, చివరికి ఆ ఎన్నికల్లో నామినేషన్లనే అర్జీలు చేసింది. ఊళ్లలో చందాలు వేసుకుని రైతులు, కూలీలు డిపాజిట్లు కట్టారు. ఢిల్లీకి ఎన్ని కాగితాలు పంపినా చదవలేదు కాబట్టి, చదవక తప్పని కాగితం ఒకటి వాళ్లే తయారుచేశారు. ఆ పుస్తకం అదే.

ఇవన్నీ తెలిసి కూడా నేను ఆ రోజు చేసిన పని చెప్పాలి.

పదకొండు దాటింది. వరస బడి గేటు దాటి వేపచెట్టు దాకా పోయింది. ఒక్కొక్కరూ పుస్తకం తిప్పడానికి ఐదారు నిమిషాలు తీసుకుంటున్నారు. బయట అరుపులు. అప్పుడొచ్చింది ఒక అవ్వ. నడుము పూర్తిగా వంగి, నేలను చూస్తూ నడిచే మనిషి. మోకాళ్లు మడవరావు, చేతివేళ్లు కొంకర్లు తిరిగి ఉన్నాయి. సిరా పెట్టడానికి చూపుడు వేలు చాపమంటే రెండో చేత్తో దాన్ని లాగి పట్టుకుంది. వెనకే కోడలు వచ్చింది.

"సారూ, గింత పెద్ద బుక్కు నేను తిప్పలేను. మా పిలగాడు గూడ నిలబడ్డడు. ఆని గుర్తు యాడున్నదో నా కోడలు జూపిస్తది, జర రానీయి."

"అట్ల రానియ్యరాదు అవ్వా. నీ కండ్లు మంచిగనే ఉన్నయి గద. ఒక్కదానివే పోవాలె" అన్నాను. కోడలు ఏదో అనబోయింది. ఆమెను తలుపు దగ్గరే ఆపమని పోలీసుకు సైగ చేశాను.

అట్ట అడ్డుపెట్టిన బల్ల దగ్గర అవ్వ నిలబడింది. పేజీ తిప్పిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. మూడోసారి వినబడలేదు. తర్వాత స్టాంపు పడిన చప్పుడు. పుస్తకాన్ని డబ్బాలో వేయడానికి కూడా తంటాలు పడితే మా అటెండర్ చెయ్యి సాయం చేశాడు. పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగి, "దొర్కలే బిడ్డా" అంది. తిట్టలేదు. వరస ముందుకు జరిగిందన్న సంతోషమే ఆ క్షణంలో నాకు మిగిలింది.

ఆ ఎన్నికలో సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. మూడు నెలలు తిరగకముందే పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించింది. 1996 ఆగస్టు 1 నుంచి లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలైంది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పది మంది సంతకాలు కావాలి. మా జిల్లాతోపాటు 456 మంది నిలబడ్డ బెల్గాం, 1,033 మంది నిలబడ్డ తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానం కూడా ఆ సవరణకు కారణమని అందరం చెప్పుకున్నాం. ఒక ఉపాధ్యాయుల సమావేశంలో నేను లేచి మరీ ఆ చట్టాన్ని మెచ్చుకున్నాను. ప్రజాస్వామ్యానికి కాస్త క్రమశిక్షణ వచ్చిందన్నాను. చప్పట్లు కొట్టారు.

1998లో మళ్లీ ఎన్నికల డ్యూటీ వచ్చింది. శిక్షణ తరగతిలో ఇచ్చిన చేతిపుస్తకం ఈసారి శ్రద్ధగా చదివాను. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 40వ నియమం: చూపు లేకపోయినా, శరీర అశక్తత వల్ల సాయం లేకుండా గుర్తు పోల్చుకోలేకపోయినా, ముద్ర వేయలేకపోయినా, ఓటరు తనతో ఒక తోడు మనిషిని లోపలికి తీసుకుపోవచ్చు. ఆ నియమం 1961 నుంచీ ఉంది. మొదటి డ్యూటీ నాడు కూడా ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది. నేను తెరవలేదు. చదివిన చోటే కాసేపు కళ్లు మూసుకున్నాను. కొంకర్లు తిరిగిన ఆ వేళ్లు కనిపించాయి.

అప్పటినుంచి ఆ డిపాజిట్ సవరణను నేను వేరేగా చదువుకుంటూ వచ్చాను. బూత్‌లో నేనూ, ఢిల్లీలో చట్టసభా చేసింది ఒకటే పని. వరస పొడవు చూశాం, వరసలో నిలబడ్డది ఎవరో చూడలేదు. లెక్క వేస్తే, 480 మందికి ఐదేసి వందల చొప్పున 2,40,000 రూపాయలు. చందాలతో కూడే డబ్బే. పదివేల చొప్పున అదే మందికి 48 లక్షలు. మెట్ట ఊళ్ల నుంచి ఆ డబ్బు ఎప్పటికీ కూడదు. డిపాజిట్ అసలే వద్దని నేననను. బ్రిటన్‌లో 1985లో డిపాజిట్ 150 పౌండ్ల నుంచి 500కు పెంచారు, కానీ అది తిరిగి దక్కడానికి కావలసిన ఓట్లను ఎనిమిదో వంతు నుంచి ఐదు శాతానికి తగ్గించారు. ఒక చేత్తో బిగిస్తే ఇంకో చేత్తో సడలించారు. మన దగ్గర ఆరో వంతు ఆరో వంతుగానే ఉంది. డిపాజిట్ మాత్రం తర్వాత 25,000 అయింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో స్వతంత్రులను పోటీకే అనుమతించవద్దని సిఫారసు చేసింది. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

అంత బిగించాక ఆగిందా అంటే ఆగలేదు. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు తలా 25,000 కట్టి నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. కడుపులో మంట ఉన్నవాడు అప్పు చేసైనా వస్తాడు. అప్పు కూడా పుట్టనివాడే రాడు. నాకు బాధంతా వాడి గురించే.

పోటీకే కాదు, ఓటేయడానికి కూడా రాలేనివాళ్లున్నారు. మా బిడ్డనిచ్చింది పాలమూరు జిల్లాలో, నారాయణపేట వైపు. అక్కడ సగం ఇళ్లకు తాళాలు. జనం ముంబై, పుణె పనులకు పోతారు. పోలింగ్ నాడు రావాలంటే కూలీ పోతుంది, చార్జీలు మీద పడతాయి. పార్టీలు బస్సు పెడితే వస్తారు, లేకపోతే లేదు. ఇలాంటి వాళ్లు ఉన్నచోటి నుంచే ఓటేసేలా ఒక యంత్రం చేశామని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపించబోయింది. పార్టీలకు అనుమానాలు వచ్చాయి, మాట అక్కడితో ఆగిపోయింది. ఆ అనుమానాల్లో కొన్ని సరైనవే కావచ్చు. కానీ తలుపు మూసే సవరణకు మూడు నెలలు పట్టిన దేశంలో తెరిచే సవరణకు ఇన్నేళ్లు పడుతుంటే అడగాలనిపిస్తుంది.

రిటైరయ్యాక, మూడేళ్ల కిందట, ఆ ఊరికి పోయాను. బడి కొత్తగా కట్టారు. వీధి నల్లాల్లో మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి. అవ్వ ఎప్పుడో పోయింది. ఆమె కొడుకు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, అరవై దాటిన మనిషి. నేనెవరో చెప్పేలోపే 1996 మాట ఎత్తగానే లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో డిపాజిట్ రసీదు. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు వేసి ఉంది.

"పైసలు రావని ఎర్కనే సారూ. ఎన్ని ఓట్లు వడ్డయో గూడ యాదికి లేదు. మా అవ్వది ఒక్కటైతే వడ్డది. ఆమె నడువరాకున్నా వోయి ఏసొచ్చింది."

ఆ మాట అలాగే ఉండనిచ్చి లేచి రావచ్చు. చాలాసేపు అదే అనుకున్నాను. చివరికి చెప్పాను: బల్ల దగ్గర కూర్చున్నది నేనేనని, కోడలిని ఆపింది నేనేనని, ఆపకూడదని పుస్తకంలో రాసి ఉందని, ఆమె పోతూ ఏమన్నదో కూడా.

ఆయన ఏమీ అనలేదు. రసీదును పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి, కవర్లో పెట్టి, కవరును మోకాలి మీద అరచేత్తో సాపు చేస్తూ కూర్చున్నాడు.