సీసా వెనక మనిషి

ఆవకాయ అమ్మేవాళ్ళు ఈ రోజుల్లో వీధికి నలుగురున్నారు. అందరి సీసాలూ ఎర్రగానే ఉంటాయి. అందరూ "అచ్చం ఇంటి రుచి" అనే రాస్తారు. మరి కొనేవాళ్ళు ఎవర్ని చూసి నమ్మాలి? వ్యాపారం మొదలుపెట్టిన రెండో వేసవిలో నాకీ ప్రశ్న ఎదురైంది.

మాది రాజమండ్రి. మావారు పనిచేసే కంపెనీ మూతపడ్డాక, నా చేతిలో ఉన్న విద్య పచ్చళ్ళే కనక ఆ పనిలోకి దిగాను. మా అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ పేజీ తెరిచింది. సీసాల ఫోటోలు, ధరలు, పండగలకి శుభాకాంక్షలు పెట్టేది. చూసేవాళ్ళు చూసి ఊరుకునేవాళ్ళు. కొనేది మాత్రం మా ఇరుగుపొరుగే.

"అమ్మా, నువ్వు కనపడాలే! సీసాని చూసి ఎవరు నమ్ముతారు?" అంది పిల్ల.

నాకు కాస్త బెరుకున్న మాట నిజమే. కానీ అసలు అడ్డంకి వేరే ఉంది. మావారి ఉద్యోగం పోయిన సంగతి చుట్టాల్లో సగంమందికి తెలియదు. నేను ఫోన్లో కనిపిస్తే మా ఇల్లు దేనిమీద నడుస్తోందో అందరికీ తెలిసిపోతుంది. అడిగితే మావారు "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకి అర్థమేమిటో పెళ్ళయిన ఆడవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు కదా!

అందుకని మొదట చేతులే చూపించాను. కొత్తపల్లి కొబ్బరి ముక్కల్లో జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో తుడవడం. ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, ముక్కల్ని పప్పునూనెలో ముంచి పిండిలో దొర్లించి జాడీకెత్తడం. నా వేళ్ళకి కత్తిగాట్లున్నాయి, గోళ్ళనిండా కారం ఎరుపే. మా అమ్మాయి అవేవీ దాచలేదు.

మర్నాడు హైదరాబాదు నించి ఒకావిడ, "మూడో రోజు తిరగ కలుపుతారా అండీ?" అని అడిగారు. సీసా ఫోటో కింద అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు! నా గొంతుతోనే జవాబు చెప్పాను. రెండు కిలోలు పంపమన్నారు.

గుంటూరు జిల్లా మస్తానమ్మగారు గుర్తున్నారా? ఆరుబయట కట్టెలపొయ్యి మీద వండే ఆ ముసలావిడని యూట్యూబులో లక్షలమంది చూశారు. అల్లం పొట్టు గోళ్ళతోనే తీసేసేవారు. 2018లో ఆవిడ పోతే ఎక్కడెక్కడివాళ్ళో సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు. ఆవిడకి మెరిసే వంటిల్లు లేదు. వండే మనిషి కనిపించింది, అంతే.

ఆ మే నెలలోనే ఓ సాయంత్రం మావారు, "ముక్కలు కొట్టేది నేను కదా, నన్నెందుకు తియ్యరూ?" అన్నారు. నేనూ, పిల్లా మొహమొహాలు చూసుకున్నాం. ఆయన కత్తి ముందు కూర్చుని, టెంకతో సహా కాయ టక్కున నరికి, ఫోను వైపు చూసి, "కంపెనీ మూసేశాక మా ఆవిడ దగ్గర పనికి చేరానండీ" అన్నారు నవ్వుతూ. ఆ రాత్రే మా బావగారు ఫోన్ చేసి, "ముందే చెప్పకూడదురా?" అని తమ్ముణ్ణి కేకలేశారు. ఇంక దాచడానికేం మిగల్లేదు. ఆయన ఆ రాత్రి హాయిగా నిద్రపోయారు.

కనపడమన్నాను కదా అని అన్నీ చూపించనక్కర్లేదు. ఇంటి నంబరు, పిల్లల బడి, బీరువా ఉన్న గది కెమెరాలో పడకుండా చూసుకోండి. వద్దన్నవాళ్ళని బలవంతాన తియ్యకండి. ఆర్డర్లకి వేరే నంబరు పెట్టుకోండి. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ ఇందుకు పనికొస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఆహార భద్రతా సంస్థ దగ్గర నమోదు చేయించుకుని, ఆ 14 అంకెల నంబరు సీసా మీద వేయించండి. మొహం చూసి ఒకసారి కొంటారు. రెండోసారి కొనేది శుభ్రం, రుచి చూసే. ముసురు పట్టి మాగాయ ముక్కలు ఎండకపోతే, ఆలస్యమవుతుందని మీ నోటితోనే ముందుగా చెప్పండి. మనిషి చెబితే జనం ఆగుతారు.

బజార్లో కూరలు కొనేటప్పుడు మనం మాత్రం బుట్ట ఒక్కటే చూస్తామా? అమ్మేదాని మొహం చూసి, "ఏం పిల్లా, లేతవేనా?" అని అడిగి మరీ కొంటాం. మన దగ్గర కొనేవాళ్ళూ అంతేనమ్మా!