చెమటకి వారాలు లేవు

మా ఇంట్లో తలంటుకి వారాలున్నాయి. ఆడవాళ్ళకి శుక్రవారం, మగవాళ్ళకి శనివారం. మంగళవారం కూడదు. పండగలకీ, పురుళ్ళకీ, చావులకీ లెక్క వేరు. ఇవన్నీ ఎవరూ కాగితం మీద రాసిపెట్టలేదు. అయినా కాకినాడలో నేను పెరిగిన వీధిలో, ఏ ఆడపిల్ల జుట్టు ఏ రోజు తడిగా కనిపిస్తే ఏమనుకోవాలో అందరికీ తెలుసు. మంగళవారం పూట మేడ మీద జుట్టు ఆరబెట్టుకుంటుంటే, పక్కింటి పిన్నిగారు కిందనుంచే "ఏమ్మా, ఇవాళ తలకి పోసుకున్నావే?" అని అడిగేసేవారు. ఆవిడ అడుగుతున్నది జుట్టు గురించి కాదని నాకు పద్నాలుగేళ్ళకే అర్థమైంది.

ఇప్పుడు హైదరాబాదులో వారానికి ఐదు రోజులు నాకు చెమట పడుతుంది. మూడు రోజులు కేబీఆర్ పార్కు దగ్గర పరుగు, రెండు రోజులు జిమ్. పరుగు మొదలుపెట్టిన కొత్తల్లో మోకాళ్ళకంటే, ఊపిరికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది నడుం దాకా ఉన్న జుట్టు. ఆరు కిలోమీటర్లయ్యేసరికి చెవుల వెనక, మెడ మీద, జడ మొదట్లో ఉప్పునీళ్ళు. తొమ్మిదిన్నరకి ఆఫీసు. తలస్నానం చేస్తే ఆరడానికి గంటన్నర. ఆరకుండా జడేసుకుంటే సాయంత్రానికి ముక్కిన వాసన. చదివే అమ్మాయిలకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అబ్బాయిలకి చెప్పాలి: మీరు జిమ్ నుంచి వచ్చి ఐదు నిమిషాల్లో స్నానం ముగించి బయటపడతారే, అదే పనికి మాకు ఉదయమంతా పోతుంది.

రెండేళ్ళ కిందట భుజాల దాకా కత్తిరించేసుకున్నాను. అమ్మ రెండు రోజులు ఫోన్లో పొడిపొడిగా మాట్లాడి, మూడో రోజు "సర్లే, నీ జుట్టు నీ ఇష్టం" అంది. నా సంగతి అలా తేలిపోయింది. తేలనిది అమ్మ సంగతి.

పోయినేడాది అమ్మకి షుగరొచ్చింది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో 6.8. ఇంకా మొదట్లోనే ఉంది, మాత్రతో పాటు రోజూ నడవండి అన్నారు డాక్టరుగారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళందరికీ చెప్పే మాటే. అమ్మకి నడక బరువేం కాదు. సంక్రాంతి వంటలకి పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే మనిషి. అయినా నాలుగు రోజులు నడిచి మానేసింది. ఎందుకు మానేశావంటే ఆవిడ చెప్పిన వరస ఇది:

"నడిస్తే చెమట. తలంతా తడిసి జిడ్డు. ఆ తలతో దేవుడి దగ్గర దీపం ఎలా పెట్టనే? పోనీ రోజూ తలంటుకుందామంటే జలుబు. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడతాయ్. మీ నాన్నగారికి టిఫిను ఆలస్యం."

దీన్ని చాదస్తం అని కొట్టిపారెయ్యడం తేలిక. కానీ మొదటి మాట ఒప్పుకుంటే చివరి మాట దాకా ఎక్కడా తర్కం తప్పలేదు. పైగా ఇది కాకినాడలో ఒక్కావిడ గొడవ కూడా కాదు. 2011లో అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న రెజీనా బెంజమిన్, అట్లాంటాలో జరిగిన ఒక పెద్ద కేశాలంకరణ ప్రదర్శనకి వెళ్ళి మరీ ఈ విషయం మాట్లాడారు. జుట్టు పాడవుతుందని నల్లజాతి ఆడవాళ్ళు వ్యాయామం మానుకుంటున్నారన్నది ఆవిడ ఆందోళన. దేశానికి పెద్ద డాక్టరు జడల గురించి మాట్లాడటమేంటని కొందరు నవ్వారు. నార్త్ కరొలినాలో చర్మవైద్యులు 103 మంది నల్లజాతి స్త్రీలని అడిగితే, జుట్టు కారణంగా ఎప్పుడో ఒకప్పుడు వ్యాయామం మానుకున్నామని దాదాపు 40 శాతం మంది చెప్పారు. వాళ్ళ జుట్టు వేరు, దాని మీద వాళ్ళు పెట్టే ఖర్చూ సమయం వేరు, దాని వెనకున్న చరిత్ర అసలే వేరు. అయినా అది చదువుతుంటే నాకు అమ్మ గొంతే వినిపించింది.

అందుకని అమ్మ గొలుసుని ఒక్కో లంకె చొప్పున విప్పి చూడటం మొదలుపెట్టాను.

చెమట జిడ్డు కాదు. ఒంటి నిండా ఉండే లక్షలాది చెమట గ్రంథుల నుంచి వచ్చేది దాదాపు అంతా నీరు, కాస్త ఉప్పు. దానికి వాసన కూడా ఉండదు. చంకల్లో, గజ్జల్లో ఉండే వేరే రకం గ్రంథుల స్రావాన్ని చర్మం మీద బ్యాక్టీరియా తిన్నప్పుడే మనం చెమట కంపు అనేది పుడుతుంది. మాడు మీద జిడ్డు పుట్టించే గ్రంథులు ఇంకో రకం, అవి మనం నడిచినా కూర్చున్నా వాటి పని అవి చేసుకుంటాయి. ఉప్పు పోవడానికి మామూలు నీళ్ళు చాలు. రోజూ షాంపూ అక్కర్లేదు.

తలంటితే జుట్టు ఊడుతుందన్నది కళ్ళ ముందు కనిపించే సాక్ష్యం కాబట్టి నమ్మకుండా ఉండటం కష్టం. తూములో పేరుకున్న ఉండ అబద్ధం చెప్పదు కదా. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఎవరికైనా రాలతాయి. వారానికోసారి తలంటుకునేవాళ్ళకి, కుదురు వదిలేసి జడలో చిక్కుకునున్నవన్నీ ఆ ఒక్కరోజే బయటికొస్తాయి. రోజూ తడిపేవాళ్ళకి రోజుకిన్నిగా పోతాయి. నిజంగా జుట్టుకి చేటు చేసేది వేరే ఉంది: నీరు పీల్చి ఉబ్బిన వెంట్రుక బలహీనంగా ఉంటుంది, తడి తలని దువ్వెనతో లాగితే తెగుతుంది. ఎగిరిపడకుండా ఉండాలని నుదుటి దగ్గర చర్మం లాగేంత బిగుతుగా ముడేసుకుని రోజూ పరిగెత్తితే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గీత వెనక్కి జరుగుతుంది.

ఇక నూనె. ఇక్కడ అమ్మా నేనూ ఇద్దరం గెలిచాం. 2003లో ముంబైలో, కొబ్బరినూనె అమ్మే సంస్థలోని పరిశోధకులే, తలస్నానానికి ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుక కోల్పోయే ప్రోటీను తగ్గుతుందని చూపించారు. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చెయ్యలేదు. అమ్మేవాళ్ళ మాట కాబట్టి కాస్త జాగ్రత్తగా వినాలి గానీ, కారణం మాత్రం సబబుగానే ఉంది: కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, వెంట్రుక లోపలికి దూరగలదు. ఇది వెంట్రుక సంగతి. మాడు సంగతి వేరు. అక్కడ మలసేజియా అనే ఈస్టు మనందరి మీదా కాపురముంటుంది. దానికి కొవ్వే ఆహారం. చుండ్రు ఉన్న తలకి నూనె పట్టించి, దాని మీద చెమట పోసి, గుడ్డ కట్టడమంటే దానికి విందు పెట్టడమే.

మన భాషలో అన్నీ తలకే. తలకి నూనె, తలస్నానం, తలంటు. కుదుళ్ళకి కావలసిందొకటి, చివర్లకి కావలసింది ఇంకొకటి అని మాటలో తేడా కనిపించదు. నూనె చివర్లకి, గురువారం రాత్రి. శుక్రవారం కుంకుడుకాయ, కడిగేది ఎక్కువగా కుదుళ్ళని. ఈ పద్ధతికి అమ్మ పెద్దగా అడ్డు చెప్పలేదు, శుక్రవారం శుక్రవారంగానే ఉంది కాబట్టి. కుంకుడుకాయకి నేనూ అడ్డు చెప్పలేదు. హైదరాబాదులో మా అపార్టుమెంటు బోరునీళ్ళలో సబ్బుతో రుద్దితే తెల్లటి తెట్టు తలకి పడుతుంది. కుంకుడు నురగతో ఆ బాధ లేదు. కళ్ళ మంట ఒక్కటే.

ఒంటి మీద చర్మం దగ్గర మాత్రం ఇంటివైద్యం నాకు అన్నిసార్లూ సాయం రాలేదు. మొన్న వేసవిలో వీపు మీద తెల్లమచ్చలొచ్చాయి. కాల్షియం తక్కువైందన్నారు ఆఫీసులో. "శోభి" అంది అమ్మ వీడియో కాల్లో చూసి, సున్నిపిండితో గట్టిగా రుద్దమంది. పేరు సరైనదే. చర్మవైద్యురాలు రాసిచ్చింది చుండ్రు షాంపూ. వీపుకి పట్టించి పది నిమిషాలాగి కడగమన్నారు. తల మీదున్న ఆ మలసేజియానే ఇక్కడ, తడిసిన టీషర్టు కింద పెరిగిందట. మందుకి అది చచ్చినా చర్మం రంగు తిరిగిరావడానికి నెలలు పడుతుందని కూడా ముందే చెప్పారు. ఆ మాట చెప్పకపోతే రెండు వారాలకే పనిచెయ్యలేదని మానేసేదాన్ని. సున్నిపిండి రుద్దుడు అసలొద్దన్నారు. బిగుతు బట్టలు రాసుకున్నచోట కుదుళ్ళు ముందే వాచి ఉంటాయి, దాని మీద గరుకుపిండి రుద్దితే పొక్కులు పెరుగుతాయి. పరుగయ్యాక చెయ్యవలసిన పెద్ద పని, తడిబట్ట వెంటనే మార్చుకోవడం. పైసా ఖర్చు లేదు.

మా జిమ్‌లో ఒకబ్బాయికి తొడల మధ్య తామరొచ్చింది. సిగ్గుపడి డాక్టరు దగ్గరికి పోలేదు. మందుల షాపులో మూడు మందులు కలిసిన ట్యూబు ఇచ్చారు. అందులో ఒకటి స్టెరాయిడ్. రెండు రోజుల్లో దురద పోయింది. నెలకి రెట్టింపై తిరిగొచ్చింది, చర్మం పల్చబడి చారలు తేలాయి. మన దేశంలో ఇది ఎంత పెద్ద సమస్యంటే, మామూలు తామర మందుకి లొంగని ఒక శిలీంధ్రానికి 2020లో శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే 'ఇండో' ఉంది, ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని. షుగరున్నవాళ్ళకి ఇలాంటివి ఇంకా తొందరగా పట్టుకుంటాయి. అమ్మకి ఈ కథ చెప్పింది అందుకే. చీర కట్టు దగ్గర, కాలివేళ్ళ మధ్య తడి లేకుండా తుడుచుకోమని చెప్పడానికి అంతకంటే మంచి దారి దొరకలేదు.

ఇంత చదివి అమ్మకి చెబితే ఆవిడని నడిపించింది ఇందులో ఏదీ కాదు. అన్నీ విని, వారం తర్వాత తనే చెప్పింది: "పొద్దున్న స్నానం, దీపం, టిఫిను అయిపోయాక నడుస్తున్నా. దీపం పెట్టేశాక చెమట పడితే ఎవడికి నష్టం?" నేను చెమటని విడదీస్తూ కూర్చున్నాను, ఆవిడ పనుల వరస మార్చేసుకుంది. ఎనిమిదిన్నరకల్లా ఎండెక్కుతుందని గొడుగొకటి. సన్‌స్క్రీన్ కొనిస్తే "ఇప్పుడు నేను తెల్లబడి ఎవరిని పెళ్ళి చేసుకోవాలే" అంది. ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవు రాయాలని, చెమట పట్టాక మళ్ళీ రాయాలని, అది రంగు కోసం కాదని చెప్పాను. రాస్తోందో లేదో నేనడగలేదు.

నడిచొచ్చాక తల మీద రెండు చెంబులు మామూలు నీళ్ళు పోసుకుంటోంది. మంగళవారం కూడానా అన్నాను. "తలంటు అంటే నూనె అంటాలి, కుంకుడు రుద్దాలి. నేను అంటడం లేదుగా. తడుపుకుంటున్నాను." పంచాంగానికి లొంగని వాదన ఇది. మూడు నెలల తర్వాత పరీక్షలో 6.4 వచ్చింది. మాత్ర వాటా ఎంతో, నడక వాటా ఎంతో విడదీసి చూడలేం. అమ్మ మాత్రం నడక అనే అంటుంది.

జుట్టు తొందరగా ఆరాలంటే టర్కీ టవలు పనికిరాదని ఆవిడే కనిపెట్టింది. దాని గరుకుకి చిక్కులు పడుతున్నాయట. పాత వెంకటగిరి చీర ఒకటి నాలుగు ముక్కలు చేసి అంచులు కుట్టింది. రెండు తనకి, రెండు నాకు. కొరియరు కవరు మీద నాన్న చేతిరాతతో "తలగుడ్డలు" అని ఉంది. ఒకటి ఇప్పుడు నా జిమ్ బ్యాగులో ఉంటుంది. నీళ్ళు బాగా పీలుస్తుంది.