మీ నాయనకు చూపు ఎట్లుండె?

పాలమూరు పల్లెలో ఒక విజన్ సెంటర్ చూడ్డానికి వెళ్లాను. ఒకటే గది. గోడకు అక్షరాల చార్టు, మూలన స్లిట్ ల్యాంప్, బెంచీ నిండా జనం. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి, సుమారు 50 వేల జనాభాకు ఇలాంటి కేంద్రం ఒకటి ఉండాలని లెక్కగట్టింది.

చార్టు జోలికి పోకముందే ఇక్కడి టెక్నీషియన్ అమ్మాయి ప్రశ్నలు మొదలుపెడుతుంది.

"బియ్యంల రాళ్లు కనబడుతలేవు బిడ్డా, అద్దాలియ్యి" అంది, యాభై దాటిన ఒకావిడ.

"మీ నాయనకు చూపు ఎట్లుండె పెద్దమ్మా?"

"ముసలితనంల పోయింది. ఆపరేషన్ చేసినా రాదన్నరు."

ఆ చివరి మాట కింద టెక్నీషియన్ ఎర్ర సిరాతో గీత గీసింది. శుక్లమైతే ఆపరేషన్‌తో సాధారణంగా చూపు వస్తుంది. నీటికాసులతో (గ్లకోమాతో) పోయిన చూపు తిరిగి రాదు. కన్నవాళ్లకో తోడబుట్టినవాళ్లకో నీటికాసులుంటే మనకు వచ్చే అవకాశం కొన్ని రెట్లు పెరుగుతుంది. నొప్పి లేకుండా, అంచుల నుంచి చూపును తినేసే రకమే ఎక్కువ. 1996-2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా పరీక్షించిన సర్వేలో, ఈ జబ్బున్నట్టు తేలినవాళ్లలో అత్యధికులకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

తర్వాత కూర్చున్నాయన చార్టులో చివరి వరస గడగడా చదివేశాడు. ఎనిమిదేళ్లుగా షుగరట. "చూపు మంచిగనే ఉంది గదా, ఇంకేం చూస్తరు?" అని వాదన. రెటీనాలో సన్నటి రక్తనాళాలు దెబ్బతింటున్నా చాలాకాలం చూపు తగ్గకపోవచ్చు. అందుకే పెద్దల్లో వచ్చే షుగర్‌కు, జబ్బు బయటపడ్డ రోజునే రెటీనా పరీక్ష, ఆపైన సాధారణంగా ఏడాదికోసారి. బీపీ, పొగతాగడం తోడైతే ముప్పు మరింత ఎక్కువ.

దురద కళ్లతో వచ్చిన కుర్రాడిని, వాడుతున్న సీసా చూపించమంది. మెడికల్ షాపులో అడిగి కొన్న స్టెరాయిడ్ చుక్కలు! ఎర్రదనం ఇట్టే తగ్గిస్తాయి, నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడిని పెంచుతాయి, శుక్లమూ తెస్తాయి. చంటిబిడ్డతో వచ్చిన తల్లిని అడిగిన మొదటి మాట, మేనరికమా అని. వంశంలో రేచీకటి జబ్బులుంటే మేనరికంలో పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది మరి.

ఈలోగా పెద్దమ్మ కంటి ఒత్తిడి ఎక్కువగానే తేలింది. పెద్దాస్పత్రికి చీటీ రాస్తూ టెక్నీషియన్ అడిగింది: "తోడబుట్టినోళ్లు ఎందరు?"

"ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లె. వాళ్లకేం కాలే."

"అందరినీ ఒకపారి రమ్మను. ఫోన్ నంబర్లు చెప్పు, రాసుకుంటా."